పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు

ఊపిరి తీసుకుంటుంటే శబ్దం వస్తోందనగానే మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటే, ఉబ్బసం. పక్కింటావిడ అదే అంటుంది. మందుల షాపు కుర్రాడూ అదే అంటాడు. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది కూడా. ఉబ్బసం మన దేశంలో అంత మామూలు జబ్బు. పీల్చే మందు సరిగ్గా వాడితే అదుపులోకి వస్తుంది, మనిషి తన పనిలో తాను పడిపోతాడు.

చిక్కల్లా పీల్చే మందుకు లొంగనివాళ్ళతోనే. వాళ్ళకు మోతాదు పెంచుతారు. మందు మారుస్తారు. దుమ్ములో తిరగవద్దంటారు, పెంపుడు కుక్కను ఎవరికైనా ఇచ్చేయమంటారు, మంచులో ఆరుబయట పడుకోవద్దంటారు. అన్నీ చేస్తారు. శబ్దం మాత్రం పోదు. అటువంటివాళ్ళలో కొద్దిమందికి అసలు తంటా ఛాతీలో ఉండదు, దానికి పైన మెడలో ఉంటుంది. ఆ కొద్దిమంది గురించే ఈ వారం నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

నేను ఎక్స్‌రే డాక్టర్ని. రేడియాలజిస్టు అనడం ఇప్పటి అలవాటు. మందు చీటీ రాయడం నా పని కాదు. ఎవరో డాక్టరుగారు పంపితే రోగి మా గదిలోకి వస్తాడు, బల్ల మీద పడుకుంటాడు, ఫిల్ము తీయించుకుని వెళ్ళిపోతాడు. రోగి మొహం కంటే అతని కవరునే మేము ఎక్కువసేపు చూస్తాం. పెద్ద కవరు, అందులో పాత ఫిల్ములు, నాలుగు మడతలు పెట్టిన చీటీలు, రక్తపరీక్షల కాగితాలు. రెండు మూడేళ్ళ కష్టమంతా ఆ కవరులో ఉంటుంది. అయినా అందులో దొరకని సంగతి ఒకటుంది. ఆ శబ్దం ఎప్పుడు వస్తుంది, ఎక్కడ నుంచి వస్తుంది అన్నది. దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు.

లెక్కల టీచరుగారి కవరు

ఆవిడ ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. వయసు 41. రెండేళ్ళుగా ఉబ్బసానికి మందులు వాడుతున్నారు. ఆవిడ కవరులోని చీటీలు తిరగేస్తే ఒక విచిత్రం కనిపించింది. ఆవిడకున్న ప్రతి బాధకూ ఎవరో ఒకరు చక్కటి కారణం చెప్పేశారు. గొంతు బొంగురుపోయింది. రోజుకు ఆరు పీరియడ్లు అరిస్తే బొంగురుపోదా అన్నారు. మెట్లెక్కితే ఆయాసం. చాక్‌పీసు పొడి పడలేదన్నారు. ముక్కులో పక్కులు కట్టి, చీదితే రక్తం చారలు. వేడి చేసిందన్నారు, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగమన్నారు. చెవి దిబ్బడ. జలుబు దిగిందన్నారు. కీళ్ళనొప్పులు. నలభై దాటాయి కదా అన్నారు.

విడివిడిగా చూస్తే ఏ సమాధానమూ అన్యాయమైనది కాదు. చెవి చూసినవారు చెవి చూశారు, ఛాతీ చూసినవారు ఛాతీ చూశారు. అయిదింటినీ ఒకచోట పెట్టి చూసినవాళ్ళు లేరు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా వారం పదిరోజులు స్టెరాయిడు బిళ్ళలు ఇచ్చేవారు. ఇచ్చినప్పుడల్లా గుణం కనిపించేది. "బిళ్ళకు తగ్గింది కాబట్టి ఇది ఉబ్బసమే" అని ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరిపోయింది. నిజానికి స్టెరాయిడుకు తగ్గే వాపులు చాలా ఉన్నాయి. తగ్గినంత మాత్రాన జబ్బు పేరు తెలిసిపోయినట్టు కాదు.

మా దగ్గరకు ఆవిణ్ణి పంపింది మాత్రం క్షయ అనుమానంతో. మూడు నెలల కిందట పట్నంలో తీయించిన ఛాతీ సి.టి. స్కానింగులో రెండు ఊపిరితిత్తుల్లోనూ చిన్న చిన్న గడ్డల్లాంటి మచ్చలు కనిపించాయి. వాటిలో ఒకదానికి మధ్యలో బోలుగా ఉంది. మన దేశంలో అటువంటి మచ్చ కనిపిస్తే ముందు క్షయే గుర్తుకు రావాలి, అది సబబే. అయితే కళ్ళె పరీక్ష రెండుసార్లు చేసినా క్షయ క్రిములు కనిపించలేదు. మచ్చలు పెరిగాయో తగ్గాయో చూడమని చీటీ రాసి పంపారు. ఈలోగా పై నెలలో మత్తు ఇచ్చి ముక్కుకు ఆపరేషను చేయడానికి రోజు కూడా నిర్ణయమై ఉంది.

ఆవిడతో పాటు అత్తగారు, పదేళ్ళ కూతురు వచ్చారు. స్కానింగుకు వెల్లకిలా పడుకోవాలి కాబట్టి, పడుకోగలరా అని అడిగాను.

"వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు డాక్టరు గారూ. ఇంట్లో మూడు దిళ్ళు పెట్టుకుంటాను" అన్నారు టీచరుగారు. మాట నీరసంగా, బొంగురుగా ఉంది. మాటకూ మాటకూ మధ్య సన్నటి శబ్దం.

"ఉబ్బసం బాబూ. మా వంశంలో ఎవరికీ లేదు, ఈ పిల్లకెలా వచ్చిందో" అన్నారు అత్తగారు.

"అమ్మ లోపలికి పీల్చేటప్పుడు ఈల వేస్తుంది" అంది కూతురు. "నేను రాత్రి ఫోన్లో రికార్డు చేశాను."

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వెందుకే?" అని నానమ్మ కసిరింది.

"ఉండండమ్మా, పిల్లను చెప్పనివ్వండి" అన్నాను.

ఆ అమ్మాయి ఫోను నా చెవి దగ్గర పెట్టింది. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడల్లా గరగరమని, కాస్త ఈలలా, ఒక గీత గీసినట్టు శబ్దం. బయటికి వదిలినప్పుడు దానికంటే తక్కువ. ఉబ్బసం పిల్లికూతలు సాధారణంగా ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువగా వినిపిస్తాయి. ఇది తిరగబడి ఉంది.

గీతకు పైన

సి.టి. స్కానింగు మొదలుపెట్టే ముందు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తీయాలో గుర్తు పెట్టుకోవడానికి మా టెక్నీషియన్లు ఒక సాదా బొమ్మ తీస్తారు. చూడడానికి మామూలు ఎక్స్‌రేలాగే ఉంటుంది. దాని మీద పైన ఒక గీత, కింద ఒక గీత గీస్తారు. ఆ రెండు గీతల మధ్య భాగమే సన్నటి పొరలు పొరలుగా స్కాను అవుతుంది. పాత ఫిల్ములో ఆ సాదా బొమ్మ ఒక మూల అచ్చయి ఉంది. పై గీత ఊపిరితిత్తుల కొనల దగ్గర ఉంది. ఛాతీ స్కానింగుకు మామూలుగా అక్కడే ఉంటుంది.

గీతకు పైన, మెడలో, గాలి ఉన్న మేర నల్లటి పట్టీలా కనిపించే గాలిగొట్టం ఒకచోట సన్నబడి ఉంది. మేము గీతల మధ్యే చూస్తాం. ఆ అమ్మాయి వినిపించిన ఈల చెవిలో ఉండబట్టి నా చూపు గీతకు పైకి వెళ్ళింది.

పాత రిపోర్టు తప్పు కాదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. ఛాతీ తీయమన్నారు, ఛాతీ తీశారు, ఛాతీలో ఉన్నది రాశారు. యంత్రం ఎంత ఖరీదైనదైనా మనం చూపించిన చోటే చూస్తుంది.

ఆవిణ్ణి పంపిన డాక్టరుగారికి ఫోను చేసి, మెడ నుంచి మొదలుపెట్టి సన్నటి పొరలుగా స్కాను తీస్తానని చెప్పాను. ఇటువంటి రోగిని వెల్లకిలా పడుకోబెట్టడం ఆటలు కాదు. తల కింద ఎత్తు పెట్టి, ఆక్సిజన్ సిద్ధం చేసి, మత్తు డాక్టరుగారిని పక్కన నిలబెట్టుకుని తీశాం. ఇప్పటి యంత్రాల్లో అసలు తీసే సమయం కొన్ని సెకన్లే.

స్వరపేటికకు సరిగ్గా కింద గాలిగొట్టం చుట్టూ లోపలి పొర దళసరిగా వాచి ఉంది. ఆడవాళ్ళలో గాలిగొట్టం అడ్డకొలత మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆవిడకు బాగా ఇరుకైన చోట 6 మిల్లీమీటర్లు ఉంది. ఇరుకు పొడవు సుమారు 2 సెంటీమీటర్లు.

మెడలో ఉంగరం

అక్కడే ఎందుకు ఇరుకవుతుందో తెలియాలంటే మీ మెడ మీదే వేలు పెట్టి చూసుకోండి. గడ్డం కింద నుంచి వేలు నెమ్మదిగా జరిపితే ముందుకు పొడుచుకువచ్చినట్టు తగిలేది కంఠమణి. దాని వెనకే మాట పుట్టించే స్వరతంత్రులు ఉంటాయి. ఇంకా కిందికి వస్తే చిన్న పల్లం, ఆ పల్లం కింద గట్టిగా ఒక ఉంగరం. ఇది మృదులాస్థి, అంటే మన చెవిదొప్పలో ఉండేటటువంటి ఎముక. గాలి పోయే దారి మొత్తంలో చుట్టూ పూర్తిగా మూసుకుని ఉన్న ఉంగరం ఇదొక్కటే. దీని కింద ఉండే కమ్ములు, 16 నుంచి 20 దాకా, గుర్రపు నాడాల్లా వెనకవైపు తెరిచి ఉంటాయి. ఆ వెనక భాగంలో మెత్తటి పొర ఉంటుంది. అన్నం ముద్ద దిగేటప్పుడు వెనకనున్న అన్నవాహిక ఉబ్బడానికి అది చోటిస్తుంది.

ఉంగరం పెట్టుకున్న వేలు వాస్తే ఏమవుతుందో మీకు తెలుసు. మాంసం బయటికి పోలేదు. ఇక్కడా అంతే. ఉంగరం లోపలి పొర వాస్తే ఆ వాపు గాలి దారిలోకే పెరగాలి. వాపు మానుతూ మానుతూ మచ్చ కడితే దారి శాశ్వతంగా ఇరుకవుతుంది.

ఇరుకైతే ఎంత కష్టమో ఒక లెక్క ఉంది. గొట్టంలో గాలి నెమ్మదిగా, తిన్నగా పోతున్నదనుకుంటే, దాని వ్యాసార్ధం తగ్గినకొద్దీ అడ్డు నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. ఈ మాట టీచరుగారికి చెబుతుంటే నేను పూర్తి చేయకముందే ఆవిడ అందుకున్నారు. "సగమైతే పదహారు రెట్లు. అందుకా మెట్లు ఎక్కలేకపోతున్నాను" అన్నారు. రెండేళ్ళలో తన ఆయాసానికి లెక్క కుదిరింది ఆ రోజేనట.

శబ్దం సంగతి కూడా ఇందులోనే ఉంది. మెడలో ఇరుకు ఉన్నప్పుడు గాలి లోపలికి లాగితే గొట్టం గోడలు కూడా లోపలికే లాగబడతాయి. అందుకని పీల్చేటప్పుడు శబ్దం ఎక్కువ. ఇరుకు బాగా బిగిసిపోతే రెండు వైపులా వస్తుంది. ఉబ్బసంలో బిగుసుకునేవి ఊపిరితిత్తుల లోపలి సన్నటి గొట్టాలు. అవి వదిలేటప్పుడు నొక్కుకుంటాయి. మెడ మీద, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఎక్కడ శబ్దం పెద్దగా ఉందో పోల్చి వింటే డాక్టరుకు చాలావరకు తెలిసిపోతుంది. గట్టిగా ఊదే పరీక్ష చేయిస్తే, ఉబ్బసంలో వచ్చే గీతకూ దీనిలో వచ్చే గీతకూ తేడా ఉంటుంది. కదలని ఇరుకు ఉన్నప్పుడు ఆ గీత పైనా కిందా కూడా నొక్కేసినట్టు చదునుగా వస్తుంది.

బొమ్మ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

స్వరపేటిక కింద ఇరుకు రావడానికి కారణాలు కొన్ని ఉన్నాయి. ఆసుపత్రిలో కృత్రిమ శ్వాస కోసం చాలారోజులు గొంతులో గొట్టం పెట్టి ఉంచినవాళ్ళకు రావచ్చు. క్షయ వల్ల రావచ్చు. ఏ కారణమూ దొరకకుండా కొందరు ఆడవాళ్ళకు వస్తుంది. మృదులాస్థి వాచిపోయే ఒక అరుదైన జబ్బులో కూడా గాలిగొట్టం గోడ దళసరి అవుతుంది, కానీ అందులో వెనకవైపు మెత్తటి పొర బాగానే ఉంటుంది. ఎందుకంటే అక్కడ మృదులాస్థి లేదు. టీచరుగారి స్కానులో వెనక పొర కూడా వాచి ఉంది.

అదే స్కానులో ముక్కు పక్కనుండే గాలి గదుల గోడలు ఒకచోట కొరికేసినట్టుగా, మరొకచోట దళసరిగా ఉన్నాయి. రెండు ముక్కుపుటాల మధ్య గోడకు రంధ్రం పడింది. ఊపిరితిత్తుల్లో మచ్చలు, ఒకదానిలో బోలు. ముక్కు, గొంతు, ఊపిరితిత్తి, ఈ మూడూ ఒకే మనిషిలో, క్రిములు దొరకకుండా ఉంటే గుర్తుకు రావలసిన జబ్బు ఒకటుంది. దాని పేరు గ్రాన్యులొమాటోసిస్ విత్ పాలీయాంజయిటిస్. నోరు తిరగని పేరే. మాట్లాడేటప్పుడు జి.పి.ఎ. అంటాం.

బొమ్మ అనుమానం చెప్పగలదు, నిర్ధారణ చేయలేదు. నా రిపోర్టులో కింద రెండు వాక్యాలు రాశాను. రక్తంలో యాంకా పరీక్ష, మూత్ర పరీక్ష వెంటనే చేయించమని ఒకటి. ముక్కు ఆపరేషను గురించి ఆలోచించే ముందు ఈ ఇరుకు సంగతి మత్తు డాక్టరుగారికి తెలియాలని రెండోది. మత్తు ఇచ్చేటప్పుడు గొట్టం వేయవలసింది సరిగ్గా ఆ దారిలోనే. 6 మిల్లీమీటర్ల దారి ఉందని ముందు తెలిస్తే సన్నటి గొట్టంతో, తగిన ఏర్పాట్లతో చేస్తారు. తెలియకుండా బల్ల మీదకు వెళితే అది ప్రాణం మీదకు వచ్చే పని.

పాతపేరు, కొత్తపేరు

ఈ జబ్బును 1931లో జర్మనీకి చెందిన హైంజ్ క్లింగర్ వర్ణించాడు. 1936లోనూ 1939లోనూ ఫ్రీడ్రిష్ వెగెనర్ దీన్ని వివరంగా వర్ణించాడు. అందుకని చాలాకాలం వెగెనర్ జబ్బు అనేవారు. ఆయన నాజీ పార్టీలో ఉన్న సంగతి వెలుగులోకి వచ్చాక, 2011లో అమెరికా, ఐరోపాల వైద్య సంఘాలు పేరు మార్చాయి. పాత పుస్తకాల్లో వెగెనర్ అని కనిపిస్తే రెండూ ఒకటేనని గుర్తుంచుకోండి.

ఇది అంటుజబ్బు కాదు. కాన్సరు కాదు. మన ఒంట్లో క్రిములతో పోరాడవలసిన రక్షణ బలగం దారి తప్పి సొంత రక్తనాళాల మీదే పడటం. సన్నటి రక్తనాళాలు వాస్తాయి, వాటి చుట్టూ గడ్డలు కడతాయి. ముక్కు, చెవి, గొంతు, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఎక్కువగా దెబ్బ తింటాయి. చర్మం, కళ్ళు, నరాలు కూడా తప్పించుకోలేవు. ఇది అరుదైన జబ్బు. రోజంతా దగ్గే రోగులను చూసే డాక్టరుకు కూడా ఎప్పుడో గానీ తగలదు.

వైద్యం లేని రోజుల్లో దీని గతి దారుణంగా ఉండేది. 1958లో ఇంగ్లండులో అచ్చయిన ఒక పరిశీలనలో, అప్పటిదాకా తెలిసిన రోగుల్లో నూటికి 82 మంది ఏడాది తిరగకుండా చనిపోయారు. 1970లలో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఆంథనీ ఫౌచీ, షెల్డన్ వుల్ఫ్ అనే వైద్యులు స్టెరాయిడుతో పాటు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇవ్వడం మొదలుపెట్టారు. 1983లో వాళ్ళు ప్రకటించిన 85 మంది రోగుల లెక్కలో 79 మందికి జబ్బు పూర్తిగా అణిగింది. ఒక జబ్బు తలరాత ఇంతగా మారడం మా వృత్తిలో తరచు చూసే సంగతి కాదు.

1985లో ఈ రోగుల రక్తంలో యాంకా అనే ప్రతిరక్షకాలు ఉంటాయని తేలింది. జబ్బు ఒళ్ళంతా పాకినవాళ్ళలో చాలామందికి ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది. ముక్కు, గొంతులకే పరిమితమైనవాళ్ళలో నెగటివ్ రావడం కూడా కద్దు. కాబట్టి నెగటివ్ వచ్చినంత మాత్రాన అనుమానం తీసి పక్కన పెట్టకూడదు. ముక్కులో నుంచో, ఊపిరితిత్తిలో నుంచో, మూత్రపిండం నుంచో చిన్న ముక్క తీసి పరీక్షించవలసి వస్తుంది.

అదే అమెరికా సంస్థవారు 1996లో 189 మంది రోగులను చూసి చెప్పిన విషయం మన టీచరుగారి వంటివారికి ముఖ్యమైనది. వాళ్ళలో 43 మందికి స్వరపేటిక కింద ఇరుకు వచ్చింది. ఆ 43 మందిలో ఇంచుమించు సగం మందికి, ఒంట్లో మిగతా చోట్ల జబ్బు చురుకుగా లేని సమయంలోనే ఆ ఇరుకు వచ్చింది. అంటే రక్తపరీక్షలు బాగున్నాయి, మూత్రం బాగుంది, అయినా మెడలో దారి మూసుకుపోతూ ఉండవచ్చు. జబ్బు అణిగిందని చెప్పించుకున్నవాళ్ళు కూడా కొత్తగా ఈల వినిపిస్తే ఊరుకోకూడదు.

తర్వాత ఏమైంది

టీచరుగారి మూత్రంలో ఎర్రకణాలు, ప్రొటీను కనిపించాయి. మూత్రపిండాలకు అప్పుడప్పుడే దెబ్బ మొదలైందన్నమాట. ఆవిడకు నడుం నొప్పి లేదు, కాళ్ళవాపు లేదు, మూత్రం రంగు మారలేదు. కొద్ది రూపాయల మూత్ర పరీక్ష లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. యాంకా పాజిటివ్ వచ్చింది. పట్నంలో పెద్దాసుపత్రిలో చేరారు. క్షయ లేదని మరోసారి గట్టి చేసుకున్నాకే వైద్యం మొదలుపెట్టారు. ఎందుకంటే ఈ మందులు రోగనిరోధక శక్తిని అణుస్తాయి. ఎక్కడైనా క్షయ దాగి ఉంటే చెలరేగుతుంది.

ఆవిడకు స్టెరాయిడుతో పాటు రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించారు. సైక్లోఫాస్ఫమైడ్‌కు ఏమాత్రం తీసిపోకుండా ఇది పనిచేస్తుందని 2010లో ప్రకటించిన పరీక్షల్లో తేలింది. మొదట కాన్సరుకు వాడిన ఈ మందును 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ కంపెనీ మన దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది. జబ్బు అణిగాక మళ్ళీ తలెత్తకుండా కొందరికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. అది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన పరిశోధనల నుంచి వచ్చిన మందు.

మందులు వాపును తగ్గిస్తాయి. గట్టిపడిన మచ్చను కరిగించలేవు. అందుకని చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు మత్తు ఇచ్చి, గొట్టంతో లోపలికి చూస్తూ, మచ్చలోకే స్టెరాయిడు సూది వేసి, సన్నగా కోతలు పెట్టి, దారి వెడల్పు చేశారు. ఎనిమిది నెలలకు మళ్ళీ ఈల మొదలైంది. మళ్ళీ చేశారు. కొందరికి ఇలా చాలాసార్లు అవసరమవుతుంది. మెడకు రంధ్రం పెట్టి గొట్టం అమర్చవలసిన అవసరం ఆవిడకు రాలేదు. అవసరమైనవాళ్ళకు అది ప్రాణం నిలబెట్టే పని, భయపడి వద్దనకూడదు.

జబ్బు పోయిందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అణిగి ఉందని చెప్పారు. ఆవిడ తిరిగి బడికి వెళుతున్నారు. హెడ్మాస్టరుగారు చిన్న మైకు ఇప్పించారు. మూడు నెలలకోసారి మూత్రం, రక్తం పరీక్షకు ఇచ్చి వస్తారు.

మీరు చేయవలసినది

ఇది చదివి ఇంట్లో దగ్గేవాళ్ళందరికీ ఈ జబ్బు అంటగట్టవద్దు. ఉబ్బసం ఉబ్బసమే. పీల్చే మందు మానేయవద్దు. కానీ ఈ కింది సంగతులు గుర్తుంచుకోండి.

మొదటిది, శబ్దం పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా అన్నది గమనించండి. రాత్రి పూట నిశ్శబ్దంగా ఉన్నప్పుడు దగ్గర కూర్చుని వినండి. సెల్‌ఫోనులో అర నిమిషం రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి. పగలు ఆసుపత్రికి వెళ్ళేసరికి శబ్దం లేకపోవచ్చు.

రెండవది, పీల్చే మందు సరైన పద్ధతిలో వాడుతున్నా గుణం లేకపోతే, గొంతు బొంగురు వారాల తరబడి తగ్గకపోతే, ముక్కులో పక్కులు, రక్తం పదే పదే వస్తుంటే, ఈ బాధలన్నీ ఒకే కాగితం మీద రాసి ఒకే డాక్టరుకు చూపించండి. చెవి సంగతి చెవి డాక్టరుకే, కీళ్ళ సంగతి కీళ్ళ డాక్టరుకే అని పంచి పెట్టవద్దు.

మూడవది, స్కానింగు రాసినప్పుడు "శబ్దం గొంతు దగ్గర వస్తోంది, మెడ భాగం కూడా తీస్తారా?" అని అడగండి. అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు. రేడియాలజిస్టుకు మీ కష్టం రెండు ముక్కల్లో చెప్పండి. చీటీలో రాయనిది మాకు తెలియదు.

నాలుగవది, మూత్ర పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు. ఈ జబ్బులో మూత్రపిండాలు నొప్పి లేకుండానే దెబ్బతింటాయి.

అయిదవది, ఏ ఆపరేషనుకు వెళ్ళినా మీకు ఊపిరి శబ్దం ఉందని మత్తు డాక్టరుగారికి ముందే చెప్పండి.

ఆరవది, స్టెరాయిడు బిళ్ళలు సొంతంగా కొని వేసుకోవద్దు, వాడుతున్నవాళ్ళు చెప్పాపెట్టకుండా మానవద్దు. రెండూ ప్రమాదమే.

కదలకుండా కూర్చున్నా ఈల వస్తుంటే, పీల్చినప్పుడల్లా మెడ గుంటలు, పక్కటెముకల సందులు లోపలికి లాక్కుంటుంటే, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతుంటే, పెదవులు నీలంగా మారుతుంటే, స్కానింగు కోసం ఎదురుచూడవద్దు. కూర్చోబెట్టే, పడుకోబెట్టకుండా, దగ్గరలో పెద్ద ఆసుపత్రి ఏదుంటే అక్కడికి వెంటనే తీసుకుపోండి.

చివరగా, పాత ఫిల్ములు పారేయవద్దు. ఇల్లు సర్దేటప్పుడు, సున్నాలు వేసేటప్పుడు ముందు చెత్తలోకి పోయేవి అవే. రిపోర్టు కాగితం ఒక్కటే దాచి ఫిల్ములు అవతల పారేస్తారు. ఒకరు ఒక ప్రశ్నకు తీసిన బొమ్మలో మరొక ప్రశ్నకు జవాబు ఉండవచ్చు. ఒక కవరు కొని, తారీకుల వారీగా అమర్చి, పైన పేరు రాసి, బీరువాలో పడుకోబెట్టి ఉంచండి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మొత్తం కవరు తీసుకువెళ్ళండి.